పనిలో దిగిన బిడ్డకు

తల్లీ,

ఆదోని వైపు ఊళ్లలో యువజన కార్యకర్తగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. జమ్మలమడుగులో డిగ్రీ చదివి, బ్యాంకు కోచింగ్ వదిలేసి, పల్లె పిల్లలతో పని చేస్తానని నువ్వు బయల్దేరడం మీ నాయనకు ఇంకా మింగుడు పడలేదట. ఆయన సంగతి నాకు వదిలెయ్. నీకు మాత్రం నాలుగు మాటలు చెప్పాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఈ పనిలోనే నా వయసంతా గడిచింది కాబట్టి చెప్పే చనువు నాకుంది.

మూడు రోజులు శిక్షణ ఇచ్చి, ఒక బ్యాగూ ఒక రిజిస్టరూ చేతికిచ్చి, "మిగతాది పనిలోనే నేర్చుకుంటావులే" అని పంపారని విన్నాను. ఆ మాట తప్పు కాదు. ఈ విద్య పనిలోనే వస్తుంది. కానీ ఊళ్లు తిరిగినంత మాత్రాన రాదు. ఏళ్ల తరబడి తిరిగి కూడా మొదటి ఏడాది తెలిసినంతే తెలిసినవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. చేసింది రాసుకుని, రాసింది పెద్దవాళ్ల ముందు పెట్టి, వాళ్లడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మళ్లీ ఊరికి పోయినవాళ్లకే అది అబ్బింది. నీకు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే మాటలు.

ఈ పనికి పెద్ద చదువులు లేకపోలేదు. శ్రీపెరుంబుదూరులో 1993లో పెట్టిన రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ ఉంది. ఇంగ్లండులో 1960లో ఆల్బమార్ల్ కమిటీ నివేదిక వచ్చాక, శిక్షణ పొందిన కార్యకర్తలు చాలడం లేదని మరుసటి ఏడాదే లెస్టర్‌లో ఏడాది కోర్సుతో ఒక కళాశాల తెరిచారు. మన దగ్గర మాత్రం ఎక్కువమంది పనిలో దిగాకే నేర్చుకున్నారు. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలైనప్పటి నుంచి ఊరూరా యువజన సంఘాలు కట్టింది పల్లె పిల్లలే. ఆ కేంద్రాల్లో జాతీయ యువ వాలంటీరు కావడానికి పదో తరగతి పాసై, 18 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుంటే సరిపోయేది. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, ఎక్కువలో ఎక్కువ రెండేళ్ల అవకాశం ఉండేవి. ఆ కేంద్రాలు ఇప్పుడు 2023 అక్టోబరులో వచ్చిన మేరా యువ భారత్‌లో కలిశాయి. కాలేజీలో నువ్వు చేసిన ఎన్ఎస్ఎస్ కూడా ఇట్లాంటిదే. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. ఆ శిబిరంలో చీపురు పట్టిన రోజులు నీకు పనికొస్తాయి. కాకపోతే అప్పుడు నువ్వు ఊరికి చుట్టానివి. ఇప్పుడు ఆ ఊరి మనిషివి కావాలి.

పనిలో నేర్చుకోవడమంటే ఏమిటో చూడాలంటే ఒకసారి ఓర్వకల్లు పోయి రా. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలోనే ఉంటుంది. 1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు, అక్కడ కూలికి పోయే ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టుకున్నారు. సంఘాలను కలిపి మండల సమాఖ్య చేసుకున్నారు. బాలభారతి పేరుతో పిల్లలకు బడి కూడా పెట్టుకున్నారు. అట్లా సంఘాల్లో ఆరితేరిన ఆడవాళ్లే తర్వాత కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు అయ్యారు. జట్టుగా వేరే ఊరికి పోయి, పది పదిహేను రోజులు అక్కడే ఉండి, కొత్త సంఘాలు కట్టించి వచ్చేవాళ్లు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మన ఆడవాళ్లు బీహార్, జార్ఖండ్ దాకా పోయి అక్కడివాళ్లకు నేర్పారు. డిగ్రీలు చూసి ఎవరూ వాళ్లను పంపలేదు. పోయిన ఊళ్లోనే ఉండటం, తమ బతుకు కథతోనే మాట మొదలుపెట్టడం, ఒంటరిగా కాక జట్టుగా పని చేయడం వాళ్ల బలం. నువ్వు నేర్చుకోవలసినవీ అవే.

ఇంకొకటి కూడా తెలుసుకో. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి చిన్న ఆడపిల్లలను పెట్టేవాళ్లు. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి, దానికి చిన్న చేతులే కావాలని చెప్పేవాళ్లు. తక్కువ కూలికి దొరుకుతారన్నది అసలు సంగతి. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్న నియమం పెట్టుకుని శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పల్లె యువతీయువకులనే కార్యకర్తలుగా తయారుచేసింది. చాలామంది తమ ఇంట్లో మొదట చదువుకున్నవాళ్లు. పిల్లను పనిలో పెట్టుకున్న రైతును శత్రువుగా చూడకుండా, ఆయన్నే ఊరి సభకు పిలిచి ఆయన నోటితోనే పిల్లను బడికి పంపుతానని చెప్పించడం వాళ్లు పనిలో నేర్చుకున్న విద్య. శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది.

ఇక నీ ఊళ్ల సంగతికి వస్తాను.

మొదటి మూడు నెలలు కార్యక్రమాలు పెట్టాలన్న ఆత్రం పెట్టుకోకు. ఊరిని చదువు. ఏ వీధిలో ఎవరున్నారు, ఏ బోరు దగ్గర ఎవరు నీళ్లు పట్టుకోరు, సాయంత్రం మగపిల్లలు ఎక్కడ కూర్చుంటారు, ఆడపిల్లలు ఏ వేళకు బయట కనబడతారు, ఇంట్లో తెలుగా, కన్నడమా, ఉర్దూనా, అన్నీ చూడు. నువ్వు ముందు ఏ వీధికి పోయావో, ఎవరింట్లో నీళ్లు తాగావో ఊరంతా గమనిస్తుంది. మొదటి వారంలోనే ఎస్సీ కాలనీలో కూర్చుని టీ తాగు. ఆ తర్వాత పెద్దిండ్లకు పోయినా ఫర్వాలేదు. ఈ వరస తారుమారైతే కాలనీ పిల్లలు నీ మీటింగుకు వచ్చినా వెనకే నిలబడతారు.

ఊరి కాలెండరు నీ నోట్సులో మొదటి పేజీ కావాలి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లు ఏడాదంతా ఒక్క తీరుగా ఉండవు. వానలు మొహం చాటేసిన ఏడు దీపావళి దాటగానే పత్తి తీతకూ, సంక్రాంతి నాటికి మిరప కోతకూ గుంటూరు వైపు వలస మొదలవుతుంది. ఉగాది దాకా సగం ఊరు ఉండదు. ఆ నెలల్లో ఫుట్‌బాల్ పోటీ పెడితే ఎవరొస్తారు? దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవానికి కర్రలు పట్టుకుని పోయే పిల్లలు మీ ఊళ్లలోనూ ఉంటారు. ప్రతి ఏడూ తలలు పగులుతున్నాయి. ఆ పండుగ వాళ్ల నమ్మకం. దాన్ని తిట్టి నువ్వు సాధించేది లేదు. తాగి పోవద్దని, చిన్న పిల్లలను వెంట తీసుకుపోవద్దని, దెబ్బ తగిలినవాణ్ని వెంటనే ఆస్పత్రికి చేర్చాలని నెల ముందు నుంచే ఆ పిల్లలతోనే మాట్లాడు.

వలస పోయే ఇంటి ముందు ఒక్కసారి నిలబడి చూడు. తెల్లారకముందే బొలెరో వచ్చి ఆగుతుంది. బియ్యం మూట, గిన్నెల సంచి, చుట్టిన బొంతలు, కోళ్ల గంప ఎక్కుతాయి. ఇంటి తాళం ముసలి అవ్వ కొంగున ముడిపడుతుంది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల చంటి తమ్ముణ్ని చంకనేసుకుని బండి ఎక్కుతుంది. ఆ వేళప్పుడు నువ్వు బాలల హక్కుల గురించి మాట్లాడితే ఎవరూ వినరు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. నువ్వు ఆ ఇంటికి దసరాకు ముందే పోవాలి. అప్పు ఎంత, అవ్వ కళ్లు కనబడతాయా, తమ్ముణ్ని ఎవరు చూస్తారు, పిల్లను వదిలిపోతే రాత్రి తోడెవరు అని నిదానంగా అడగాలి. చాలా ఇళ్లలో పిల్లను తీసుకుపోయేది కూలి కోసమే కాదు. ఎదిగిన ఆడపిల్లను ముసలామె దగ్గర వదలడానికి తల్లి భయపడుతుంది. ఆ భయం నీకు అర్థమైతే వలస పోయినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ గురించి ఎవరితో మాట్లాడాలో, అక్కడ ఆడపిల్లలకు ఏం ఏర్పాటు ఉందో ముందే కనుక్కుని పోతావు. తల్లిని వెంటబెట్టుకుని ఆ హాస్టల్ చూపించి తీసుకొస్తావు. అదీ ఈ పనిలో నేర్చుకోవడమంటే.

మన కడప వైపు బాధ వేరు. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు ఊళ్లలో పద్దెనిమిది నిండగానే పిల్లల చూపు కువైట్ మీదికి పోతుంది. పోవద్దని చెప్పడానికి మనమెవరం? ఎట్లా పోవాలో చెప్పవచ్చు. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోమని, విజిట్ వీసా మీద పనికి పోవద్దని, ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండనిదే అక్కడ ఇంటి పనికి పోకూడదన్న నిబంధన ఉందని చెప్పు. పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్లు ఇంట్లో పెట్టి పోవాలని చెప్పు. రేపు నిన్ను బదిలీ చేసి ఇటు పంపినా ఈ సంగతులు నీకు తెలిసి ఉండాలి.

పిల్లలతో మాట తక్కువ, వినడం ఎక్కువ. అరుగు మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న మగపిల్లల దగ్గరికి పోయి "మీ భవిష్యత్తు ఏమిటి?" అని అడిగితే లేచి పోతారు. "ఆ బండలాగుడు పందెంలో ఏ ఊరి ఎద్దులు గెలిచాయి?" అని అడుగు, చోటిచ్చి కూర్చోబెట్టుకుంటారు. "ఏం పాపా, యాడనుంచి వచ్చినావు?" అని అవ్వలు అడుగుతారు. విసుక్కోకుండా ఊరు, పేరు, మీ అమ్మానాయన పేర్లు, అన్నీ చెప్పు. వాళ్లు ఒప్పుకుంటేనే మనవరాలిని నీ వెంట పంపేది.

పిల్లలు చేసుకోగలిగిన పని నువ్వు చేసిపెట్టకు. వాలీబాల్ నెట్ కావాలని అడుగుతారు. సంస్థ డబ్బుతో కొనివ్వడం నీకు ఒక పూట పని. కొనిస్తే ఆ నెట్ ఎవరి ఇంట్లో ఉండాలన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. వాళ్లనే కూర్చోబెట్టు. తలా ఎంత వేసుకుంటారు, కాలనీ పిల్లలు ఆడతారా లేదా, ఆడపిల్లలకు ఏ గంట, చిరిగితే ఎవరు బాగుచేయిస్తారు, లెక్క ఎవరు రాస్తారు అని ఒక్కొక్కటీ వాళ్ల చేతే తేల్పించు. వారం పడుతుంది, రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలే నీ అసలు పని.

కొన్ని హద్దులు మాత్రం మొదటి రోజు నుంచే గట్టిగా పెట్టుకో. మన సీమలో ఊరి పెద్దలు పిల్లలను తమ వెనక తిప్పుకునే అలవాటు ఇంకా పోలేదు. పేదింటి పిల్లవాడికి బండిలో పెట్రోలు పోయించి, బిర్యానీ పెట్టించి, ఒకనాడు కొట్లాటకు తోడు రమ్మంటారు. ఫ్యాక్షన్‌లో తండ్రులు పోయిన ఇళ్లను నువ్వు చూస్తావు. నీ సంఘంలో పిల్లలను ఏ నాయకుడి సభకూ తోలుకుపోకు. ఎవరి కారూ ఎక్కకు. ఏ పార్టీ వాళ్ల ఇంట్లో పుట్టినా నీకు పిల్లవాడు పిల్లవాడే. పిల్లల డబ్బు నీ చేతిలో పెట్టుకోకు, నీ డబ్బు అప్పివ్వకు. రాత్రిళ్లు ఒక్కొక్కరితో విడివిడిగా ఫోన్ చాటింగులు వద్దు. మాట్లాడాలంటే పగలు, నలుగురు కనబడే చోట మాట్లాడు. ఇది నీ మంచికీ వాళ్ల మంచికీ కూడా.

రహస్యం దాచడం ఈ పనిలో పెద్ద ధర్మం. అయినా దానికొక ఎల్ల ఉంది. ఒక పిల్ల నీ దగ్గర ఏడ్చి తన మీద అఘాయిత్యం జరిగిందని చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను, నీ వెంటే ఉంటాను" అని నిజం చెప్పు. బాల్యవివాహం సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పెళ్లిపత్రికలు పంచాక ఆపడం కష్టం, ఊరితో వైరం కూడా. తొమ్మిది, పది తరగతుల పిల్లల ఇళ్లకు పెళ్లిచూపుల కాలానికి ముందే పోతూ ఉండు. అప్పటికీ ఆగకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్. అంగన్‌వాడీ టీచరునూ, గ్రామ సచివాలయంలో మహిళా పోలీసునూ ముందే పరిచయం చేసుకుని పెట్టుకో. పరీక్ష తప్పి, ప్రేమ పోయి, అప్పుల్లో పడి చచ్చిపోతానన్న పిల్లవాడి మాటను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకు. వాణ్ని ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్లకు చెప్పు, 14416కు ఫోన్ చేసి మానసిక సాయం అందించే టెలీ మానస్ వాళ్లతో మాట్లాడించు.

ఇప్పుడు డైరీ మాట. రిజిస్టరు సంస్థ కోసం, డైరీ నీ కోసం. రిజిస్టరులో "యువజన సమావేశం జరిగినది, హాజరు 22, విజయవంతం" అని ఉంటుంది. దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. డైరీలో ఇట్లా రాయి: "ఆడపిల్లలు తలుపు దగ్గరే నిలబడ్డారు. కాలనీ పిల్లలు చివర కూర్చున్నారు. ముప్పావు గంట నేనే మాట్లాడాను. ఒక పిల్లవాడు ఉద్యోగం ఇప్పిస్తావా అక్కా అని అడిగితే చూద్దాం అన్నాను. నా చేతిలో లేని పనికి ఆ మాట ఎందుకన్నాను?" ఇట్లాంటి పేజీ ఒక్కటి చాలు, మరుసటి మీటింగులో బొంతలు వేరేగా పరుస్తావు, ఆడపిల్లలను లోపలికి పిలిచి ముందు మాట్లాడిస్తావు, "ఉద్యోగం నేను ఇప్పించలేను, నోటిఫికేషన్లు ఎట్లా చూడాలో కలిసి నేర్చుకుందాం" అని చెబుతావు. రాత్రి పడుకోబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకో. ఇవాళ నేను ఏం చూశాను? ఏం చేశాను, ఎందుకు చేశాను? రేపు ఏం మార్చాలి? పేర్లు మాత్రం రాయకు. ఆ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడవచ్చు.

డైరీ ఒక్కటే చాలదు. వారానికి ఒక గంట నీ పైవాళ్లను అడిగి తీసుకో. లెక్కలు అప్పజెప్పడానికి కాదు, నీకు అంతుపట్టని ఒక్క సంగతి గురించి మాట్లాడుకోవడానికి. మీ సంస్థలో అట్లా కూర్చునే అలవాటు లేకపోతే నువ్వే మొదలుపెట్టు. అనుభవమున్న కార్యకర్త వెంట ఊళ్లకు పో. ఆమె ఎప్పుడు మాట్లాడకుండా ఊరుకుందో గమనించు. దారిలో బస్సులో "అప్పుడెందుకు ఊరుకున్నారక్కా?" అని అడుగు. ఈత కొట్టేవాళ్లను గట్టు మీద నుంచి చూస్తే ఈత రాదు, పట్టుకునేవాళ్లు లేకుండా బావిలో దూకినా రాదు.

నీ గురించి కూడా నువ్వు చూసుకోవాలి. పొద్దున ఉగ్గాని తినకుండా బస్సెక్కకు. చివరి బస్సు ఎప్పుడో తెలుసుకోకుండా ఏ ఊళ్లోనూ సాయంత్రం మీటింగు పెట్టకు. ఎక్కడికి పోతున్నావో ఆఫీసులో ఒకరికీ ఇంట్లో ఒకరికీ చెప్పి పో. జీతం తక్కువని నాకు తెలుసు. ఆ జీతం నెలనెలా రావాలని, ప్రయాణ ఖర్చు వేరుగా ఇవ్వాలని అడగడం నీ హక్కు. సేవ అన్న పేరు చెప్పి దాన్ని వదులుకోవద్దు. పనిలో ఉంటూనే ఇగ్నో దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ కట్టు. నీ డైరీ ఉంటే ఆ పుస్తకాలు నీకు ఊరికే అర్థమవుతాయి.

ఈ ఉత్తరం మీ సంస్థ పెద్దలకూ చూపించు. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. పనిలో శిక్షణ అంటే ఖర్చు లేని శిక్షణ అనుకోవద్దు. కొత్త బిడ్డకు మొదటి ఆరు నెలలు తక్కువ ఊళ్లు ఇవ్వండి. వెంట తిరిగే పెద్దమనిషికి ఆ పనికోసం సమయం కేటాయించండి. హాజరు సంఖ్యలు తర్వాత అడగండి, ముందు ఏం నేర్చుకుందో అడగండి. అట్లా చేయని చోట కొత్త కార్యకర్తలు ఏడాది తిరగకముందే వెళ్లిపోతున్నారు. ప్రతి కొత్త ముఖానికీ తమ కష్టం మొదటి నుంచి చెప్పుకోవలసింది ఆ ఊళ్లే.

నీ శిక్షణ ఎప్పుడు పూర్తయిందో సర్టిఫికెట్ చెప్పదు. నువ్వు నెల రోజులు సెలవు పెట్టినా ఆ ఊరి పిల్లలు తమంతట తాము కూర్చుని, కాలనీ పిల్లలనూ ఆడపిల్లలనూ కలుపుకుని, ఒక తగవు తీర్చుకున్నారని తెలిసిన రోజు పూర్తయినట్టు. ఆ తర్వాత నీ దగ్గరికి ఒక కొత్త బిడ్డను పంపుతారు. ఆమెను వెంటేసుకుని ఊళ్లు తిప్పు, డైరీ రాయించు, విసుక్కోకుండా ప్రశ్నలు అడుగు. మనకు నేర్పినవాళ్ల రుణం తీరేది అట్లానే.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ